మొదటి హాఫ్ మారథాన్, అదీ విరాళాల కోసం: 16 వారాల్లో ఏది ఎప్పుడు చేయాలి

మీరు చెప్పిన పరిస్థితి ఇదీ: ఇప్పుడు 5 కిలోమీటర్లు మధ్యలో రెండుసార్లు ఆగి 40 నిమిషాల్లో పరిగెడుతున్నారు. 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌కి ఇంకా 16 వారాలుంది. పిల్లల వైద్యానికి సాయం చేసే ఒక సంస్థ కోసం డబ్బు పోగుచేయాలనుకుంటున్నారు. ఇది అయ్యే పనేనా, ఎలా మొదలుపెట్టాలి, మధ్యలో కాలు దెబ్బతింటే డబ్బిచ్చినవాళ్లకు ఏం చెప్పాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

అయ్యే పనే, 16 వారాలు చాలు. అయితే మూడో ప్రశ్నను అన్నిటికంటే ముందు తేల్చుకోండి. సొంత సరదాకి పరిగెత్తేవాళ్లు మోకాలు నొప్పెడితే రెండు వారాలు మానేస్తారు, పోటీ కూడా మానేస్తారు. అరవై మంది దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లు మానలేరు. మొహం చెల్లదని కుంటుకుంటూనే సాధన చేస్తారు. రెండు వారాల విశ్రాంతితో పోయే నొప్పి మూడు నెలల గాయమయ్యేది అలాగే. కాబట్టి డబ్బుకీ పోటీలో ముగింపు గీత దాటడానికీ మధ్య ముడి మొదటిరోజే తెంచేయండి. విరాళాల పేజీలో ఈ మాట స్పష్టంగా ఉండాలి: "ఏ కారణం వల్లనైనా ఆ రోజు నేను పరిగెత్తలేకపోయినా మీరిచ్చిన మొత్తం సంస్థకే చెందుతుంది." ఈ ఒక్క వాక్యం ఉంటే మీ నిర్ణయాలు కాళ్లను బట్టి ఉంటాయి, మొహమాటాన్ని బట్టి కాదు. కిలోమీటరుకి ఇంత చొప్పున ఇస్తామనే హామీలు కూడా ఈ కారణంతోనే వద్దు. పైగా పరుగయ్యాక వాటిని వసూలు చేసుకోవడం అప్పు వసూలు కంటే కష్టం. ఇచ్చేదేదో ముందే, నేరుగా పేజీలో ఇవ్వమనండి.

తర్వాత తేల్చుకోవాల్సింది పోటీలో చోటు ఎలా తీసుకుంటున్నారన్నది. ఎంట్రీ ఫీజు మీరే కట్టి సొంతంగా చోటు తీసుకుంటే ఎంత పోగుచేసినా మీ ఇష్టం. సంస్థకి కేటాయించిన చోట్లలో ఒకటి తీసుకుంటే మాత్రం కనీసం ఇంత తెస్తానని ఒప్పుకోవాలి. సంతకం పెట్టే ముందు మూడు సంగతులు చూడండి. కనీస మొత్తం రాకపోతే తేడా మీ జేబులోంచి కట్టాలా? ఏ తేదీకి ఎంత జమ కావాలి? గాయమైతే చోటు వచ్చే ఏడాదికి మారుతుందా, మారినా ఈ ఏడాది మొత్తం కట్టాల్సిందేనా? మొదటిసారి పరిగెత్తేవాళ్లకి నా సలహా సొంత చోటే. మొదటి హాఫ్ మారథాన్‌కి నెత్తిన ఒక భారం చాలు.

సంస్థతో మొదటి వారంలోనే మాట్లాడండి. రిజిస్ట్రేషన్, ఆడిట్ అయిన తాజా లెక్కలు అడిగి చూడండి. వాళ్ల పేరు, లోగో వాడుకోవడానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బు నేరుగా సంస్థ ఖాతాకి, లేదా సంస్థే ధ్రువీకరించిన విరాళాల పేజీకి పోవాలి. "ముందు నా ఖాతాకి పంపండి, అంతా కలిపి ఇస్తాను" అనే పద్ధతి ఎంత నిజాయితీగా చేసినా చెడుతుంది. దాతల పేరు మీద రసీదు రాదు, పన్ను మినహాయింపు ఉన్నచోట అదీ పోతుంది, వేరే దేశం నుంచి ఎవరైనా పంపితే చట్టపరమైన చిక్కు రావచ్చు. ఆఖర్న ఎవరో ఒకరు లెక్క అడిగితే మీ దగ్గర బ్యాంకు స్టేట్‌మెంట్ తప్ప ఇంకేమీ ఉండదు. పేజీ నడిపే వేదిక ఎంత శాతం కోసుకుంటుందో, చెల్లింపుల రుసుము విడిగా ఉందో లేదో కూడా కనుక్కోండి. కొన్ని వేదికలు తమకోసం 'టిప్' గడిని ముందే నింపి ఉంచుతాయి, దాన్ని సున్నా చేసుకోవచ్చని మీ దాతలకు మీరే చెప్పాలి. ఎంట్రీ ఫీజు, బూట్లు, ప్రయాణం మీ సొంత ఖర్చయితే ఆ మాట పేజీలో రాయండి. అందులో ఏదైనా విరాళాల్లోంచి పోతుంటే ఇంకా స్పష్టంగా రాయండి.

ఇక పరుగు. వారానికి మూడు రోజులు చాలు, వాటి మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉండాలి. రెండు పరుగులు 30 నుంచి 45 నిమిషాలు, మూడోది వారాంతపు లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడుగు పరుగు. లాంగ్ రన్ దూరాలు వారం వారం ఇలా పెంచండి: 6, 7, 8, 6, 9, 10, 11, 8, 13, 14, 16, 11, 17, 18, 12 కిలోమీటర్లు, పదహారో వారం పోటీ. ప్రతి నాలుగో వారం దూరం తగ్గడం పొరపాటు కాదు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. స్నాయువులు, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆయాసం రావడం లేదు కదా అని ఆరో వారంలోనే 14 కొట్టేసినవాళ్ల కాళ్లు ఎనిమిదో వారంలో మొరాయించేది ఈ తేడా వల్లే. 18 దాటి సాధన అక్కర్లేదు. మీ వేగంలో 18 అంటేనే రెండున్నర గంటలు. అంతకుమించి పరిగెడితే వచ్చే లాభం తక్కువ, కోలుకోవడానికి పట్టే రోజులు ఎక్కువ. రెండున్నర గంటలయ్యేసరికి 17 దగ్గరే ఉంటే అక్కడ ఆపేయండి. మిగతా మూడు నాలుగు కిలోమీటర్లు పోటీ రోజు జనం మధ్య గడిచిపోతాయి.

వేగం విషయంలో అందరూ చేసే తప్పు ఒకటే, లాంగ్ రన్ మరీ వేగంగా పరిగెత్తడం. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే మీరు గట్టిగా పరిగెడుతున్నట్టే. మీకు మొదట్లో ఇది కిలోమీటరుకి 8:30, 9 నిమిషాలు కూడా కావచ్చు. సిగ్గుపడాల్సిన పని లేదు. వారం మధ్య పరుగుల్లో ఒకదాన్ని ఏడో వారం నుంచి కాస్త చురుగ్గా చేయండి: 10 నిమిషాలు మెల్లగా, తర్వాత 3 నిమిషాలు గట్టిగా 2 నిమిషాలు నడక చొప్పున ఐదుసార్లు, చివర 5 నిమిషాలు మెల్లగా.

మధ్యలో ఆగుతున్నానని బాధపడ్డారు. ఆగడాన్నే పద్ధతిగా మార్చుకోండి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాలొవే ప్రచారంలోకి తెచ్చిన పరుగు-నడక పద్ధతి ఇదే. అలసిపోయాక నడవడం కాదు, అలసట రాకముందే, మొదటి కిలోమీటరు నుంచే లెక్క ప్రకారం నడవడం. 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక అనుకుందాం. పరుగు కిలోమీటరుకి 7:15, చురుకైన నడక 11 నిమిషాలైతే సగటు 7:47 పడుతుంది. ఆ లెక్కన హాఫ్ మారథాన్ 2 గంటల 44 నిమిషాల్లో అయిపోతుంది. మొండిగా 12 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తి మిగతా 9 కాళ్లీడ్చేవాళ్ల కంటే ఇది చాలాసార్లు ముందుంటుంది. కటాఫ్, అంటే పోటీ పూర్తిచేయాల్సిన గడువు, ఎంతో మాత్రం ముందే చూసుకోండి. 3 గంటలా, మూడున్నరా, అది మొదటి తుపాకీ నుంచి లెక్కా లేక ఆఖరి మనిషి బయల్దేరినప్పటి నుంచా, మధ్యలో కూడా కటాఫ్‌లు ఉన్నాయా అన్నవి తెలియాలి.

లక్ష్యం ఎంత పెట్టుకోవాలో తెలియాలంటే పదో వారం దరిదాపుల్లో ఒక 10 కిలోమీటర్లు గట్టిగా పరిగెత్తి చూడండి. ఇంజనీరు పీట్ రీగెల్ సూత్రం ప్రకారం ఆ సమయాన్ని 2.2తో గుణిస్తే హాఫ్ సమయం వస్తుంది. 75 నిమిషాలైతే 165, అంటే 2:45. వారానికి 25, 30 కిలోమీటర్లే పరిగెత్తేవాళ్లకి ఈ సూత్రం కాస్త ఆశ పెడుతుంది, ఇంకో 5 నుంచి 10 నిమిషాలు కలుపుకోండి.

ఒక వారం తప్పిపోతే దాన్ని తర్వాతి వారంలో కలిపి పరిగెత్తకండి, ఊరికే ముందుకు సాగండి. రెండు వారాలు పోతే చివరి లాంగ్ రన్‌లో 70 శాతం దగ్గర మళ్లీ మొదలుపెట్టండి. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే అసలు పరుగు వద్దు, వైరల్ జ్వరంలో శ్రమపడితే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదముంది. పరిగెత్తేటప్పుడు ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, కుటుంబంలో చిన్న వయసులో ఆకస్మిక గుండె మరణం, రక్తపోటు, మధుమేహం వీటిలో ఏదున్నా సాధన మొదలుపెట్టకముందే డాక్టర్‌కి చూపించుకోండి.

నొప్పుల్లో తేడా తెలుసుకోవడం ఈ 16 వారాల్లో అన్నిటికంటే పనికొచ్చే విద్య. రెండు కాళ్లలో సమానంగా, కండరమంతా, మర్నాడు మొదలై రెండు రోజుల్లో పోయే నొప్పి మామూలే. మోకాలికీ చీలమండకీ మధ్య ఎముక లోపలి అంచు పొడుగునా నొక్కితే నొప్పిగా ఉంటే అది షిన్ స్ప్లింట్స్ కావచ్చు, దూరం సగానికి తగ్గించి మెత్తటి నేల మీద పరిగెత్తండి. అదే ఎముక మీద వేలి కొనంత ఒక్కచోటే నొప్పి, ఒంటికాలి మీద గెంతితే కలుక్కుమంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ అనుమానించాలి. ఆ రోజే పరుగు ఆపి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి, దీని మీద పరిగెత్తితే సన్నటి చీలిక పెరిగి ఎముక పూర్తిగా విరుగుతుంది. మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి తరచుగా తొడ, పిరుదు కండరాల బలహీనత వల్ల వస్తుంది. వారానికి రెండుసార్లు 15 నిమిషాలు గుంజీలు, ఒంటికాలి మీద మడమలెత్తడం 15 చొప్పున మూడుసార్లు, పక్కకి పడుకుని కాలెత్తడం చేస్తే చాలావరకు దగ్గరికి రాదు. నొప్పి వల్ల మీ నడక తీరు మారుతోందంటే, అది ఎంత చిన్న నొప్పయినా ఆ రోజుకి పరుగు లేదు. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఇబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాల మీద భారం వేస్తాయి, పైగా ఆగమని చెప్పే సంకేతాన్నే నొక్కేస్తాయి.

బూట్లు సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. నిలబడితే పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే 15 కిలోమీటర్ల తర్వాత గోళ్లు నల్లబడతాయి. ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. పోటీకి కొత్తవి కావాలంటే నెలముందే కొని వాటితో 60, 70 కిలోమీటర్లు పరిగెత్తి ఉండాలి.

విరాళాల పరుగులో ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంకొకటుంది, సంస్థ ఇచ్చే టీషర్టు. ఆఖరి వారంలో చేతికొస్తుంది, తరచుగా అది కాటన్, లేదా ఛాతీ మీద మందపాటి ప్లాస్టిక్ అచ్చు. కాటన్ చెమట పీల్చి బరువెక్కి ఒరుసుకుంటుంది, అచ్చు కింద గాలాడదు. రెండు గంటల తర్వాత చనుమొనలు చీరుకుపోయి చొక్కా మీద రక్తపు చారలు కనిపించేది వీటివల్లే. టీషర్టు ఎనిమిది వారాల ముందే అడిగి తీసుకోండి, ఒకసారి ఉతికి కనీసం ఒక లాంగ్ రన్‌లో వేసుకుని చూడండి. ఒరుసుకునే చోట్ల, అంటే చంకలు, తొడల లోపలివైపు, నడుము పట్టీ కింద, పెట్రోలియం జెల్లీ రాయండి, చనుమొనల మీద చిన్న ప్లాస్టర్ వేయండి. బిబ్‌ని, అంటే ఛాతీ మీద పెట్టుకునే పోటీ నంబరు కాగితాన్ని, పిన్నీసులతో నాలుగు మూలలా లోగో కిందికి వచ్చేలా పెట్టండి, లేకపోతే ఫొటోల్లో సంస్థ పేరే కనపడదు. బిబ్ వెనక రక్తపు గ్రూపు, మందులు, ఇంటివాళ్ల నంబరు రాసే గడులు ఉంటే ఖాళీగా వదలకండి.

డబ్బు అడగడం ఎప్పుడు మొదలుపెట్టాలి? పేజీని ఆరో వారం చివర, 10 కిలోమీటర్లు నొప్పి లేకుండా పూర్తయ్యాక తెరవండి. కాళ్లు తట్టుకుంటాయో లేదో అప్పటికి ఒక అంచనా వస్తుంది, పది వారాల సమయమూ ఉంటుంది. మొదటి వారంలోనే ఆర్భాటంగా ప్రకటిస్తే రెండో నెలకల్లా చెప్పడానికి కొత్త మాట ఉండదు.

తెరిచిన రోజే అందరికీ పంపకండి. ముందు మీరే కొంత వేయండి. తర్వాత బాగా దగ్గరివాళ్లు ఐదారుగురిని ఫోన్ చేసి అడగండి, వాళ్లలో చేయి పెద్దదైనవారిని మొదట అడగండి. పేజీ చూసేవాళ్లు పైన ఉన్న మొత్తాలను బట్టే తామెంత ఇవ్వాలో అనుకుంటారు. మొదటి విరాళం చిన్నదైతే వెనకవన్నీ అదే కొలతకి వస్తాయి, ఖాళీ పేజీకి మొదటి చెయ్యి వేయడానికి ఎవరూ ముందుకు రారు. లక్ష్యంలో నాలుగో వంతు నిండాకే బయట పంచుకోండి. లక్ష్యాన్ని కూడా ఊహతో పెట్టకండి. విడిగా అడగగలిగినవాళ్ల పేర్లు కాగితం మీద రాసి, మూడో వంతు మంది ఇస్తారనుకుని, ఒక్కొక్కరూ ఎంత ఇవ్వగలరో వేసుకుని కూడండి.

గ్రూపులో పెట్టిన సందేశం ఎవరికీ చెందదు. పేరుతో పలకరిస్తూ ఒక్కొక్కరికీ విడిగా రాయండి, నాలుగు వాక్యాలు మించకుండా. ఉదాహరణకి: "అత్తయ్యా, ఫలానా తేదీన 21 కిలోమీటర్లు పరిగెడుతున్నాను. ఫలానా సంస్థ పిల్లల వైద్యం కోసం ఇంత పోగుచేస్తున్నాను, ఇప్పటికి ఇంత అయింది. నీకు వీలైనంత ఈ లింకులో వేస్తే నేరుగా వాళ్లకే పోతుంది, రసీదు వస్తుంది. వీలు కాకపోయినా ఫరవాలేదు, ఆ రోజు నన్ను తలుచుకో చాలు." చివరి వాక్యం మర్యాద కోసమే కాదు, లేదనడానికి దారి ఉన్నప్పుడే మనిషి ఇబ్బంది లేకుండా అవుననగలుగుతాడు. మరోసారి గుర్తుచేయొచ్చు, మూడోసారి వద్దు. ఇంత మొత్తంతో ఫలానా పని అవుతుందని రాయాలనుకుంటే ఆ లెక్క సంస్థ నుంచే రాతలో తీసుకోండి. పిల్లల ఫొటోలు, పేర్లు, జబ్బు వివరాలు సంస్థ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా వాడకండి. జాలి పుట్టించే బొమ్మతో డబ్బు వస్తుంది నిజమే, ఆ పిల్లవాడు పదేళ్ల తర్వాత దాన్ని చూసుకుంటాడు.

కబుర్లు పంపడానికి లాంగ్ రన్‌లే సందర్భాలు. 13 పూర్తయిన రోజు, 18 పూర్తయిన రోజు, పోటీకి మూడు రోజుల ముందు, పోటీ సాయంత్రం. ఆఖరి రెండింటికీ స్పందన బాగుంటుంది, అప్పటిదాకా వాయిదా వేసినవాళ్లు అప్పుడే ఇస్తారు. మీ కంపెనీ ఉద్యోగుల విరాళానికి సమానంగా ఇచ్చే పథకం నడుపుతుంటే దరఖాస్తు గడువు, కావాల్సిన రసీదులు ముందే కనుక్కోండి.

చివరి రెండు వారాల్లో దూరం తగ్గించండి, పరుగు రోజులు మాత్రం అన్నే ఉంచండి. కాళ్లు బరువుగా, ఎక్కడెక్కడో కొత్త నొప్పులున్నట్టు అనిపిస్తుంది, కంగారుపడి అదనంగా పరిగెత్తకండి. పోటీ రోజు బయల్దేరడానికి రెండున్నర, మూడు గంటల ముందు, లాంగ్ రన్‌లకు అలవాటైన తిండే, పీచూ కొవ్వూ తక్కువగా తినండి. గంటకి పైగా ముందే చేరుకోండి, మరుగుదొడ్ల దగ్గర బారు పొడుగ్గా ఉంటుంది.

ఒంట్లో నిలవ ఉండే చక్కెర, అంటే గ్లైకోజెన్, సుమారు గంటన్నర నుంచి రెండు గంటల పరుగుకి వస్తుంది. మీరు రెండున్నర గంటలు దాటుతారు కాబట్టి గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. పరుగులో శక్తి కోసం మింగే చిన్న జెల్ పొట్లం ఒకదానిలో సాధారణంగా 20 నుంచి 25 గ్రాములుంటాయి. మొదటిది 40 నిమిషాలకి, తర్వాత ప్రతి 35, 40 నిమిషాలకి ఒకటి, నీళ్లతో. స్పోర్ట్స్ డ్రింక్‌తో కలిపి తీసుకుంటే చక్కెర గాఢత పెరిగి కడుపులో తిప్పుతుంది. లాంగ్ రన్‌లలో వాడి చూడని జెల్ పోటీలో ఉచితంగా ఇచ్చినా ముట్టుకోకండి. నీళ్లు దాహాన్ని బట్టే. ప్రతి టేబుల్ దగ్గరా గ్లాసుల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడి వాంతి, తలనొప్పి, అయోమయం వస్తాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. మెల్లగా పరిగెత్తేవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ, తాగడానికి సమయం ఉంటుంది కనుక.

మొదటి 3 కిలోమీటర్లు లక్ష్యం కంటే కిలోమీటరుకి 15, 20 సెకన్లు నెమ్మదిగా పోనివ్వండి. జనం, సంగీతం, విశ్రాంతి తీసుకున్న కాళ్లు కలిసి వేగం తెలియనివ్వవు. వాచీని మరీ నమ్మకండి. 21.0975 కిలోమీటర్లని కొలిచేది మలుపుల లోపలి అంచున అతి దగ్గరి దారి వెంట. జనాన్ని తప్పించుకుంటూ పోయే మీకు వాచీ 21.3, 21.4 చూపిస్తుంది. సమయం చూసుకోవాల్సింది దారిలోని కిలోమీటరు బోర్డుల దగ్గర. కష్టం 15 నుంచి 19 మధ్య ఉంటుంది. అక్కడ 4 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక బరువైతే 2 నిమిషాల పరుగు, 1 నిమిషం నడకకి దిగండి, నడక మాత్రం చురుగ్గా ఉండాలి. వేడిలో పరిగెడుతూ తడబడటం, పొంతన లేని మాటలు మొదలైతే మీరైనా పక్కవాళ్లైనా ఆగి వైద్య సిబ్బందిని పిలవాలి. వడదెబ్బలో చెమట ఇంకా పడుతూనే ఉండొచ్చు, చెమట ఉంది కదా అని ధైర్యపడకూడదు.

గీత దాటగానే కూర్చోకండి. కాళ్లలో చేరిన రక్తం పైకి రాక కళ్లు తిరుగుతాయి, పది పదిహేను నిమిషాలు నడవండి. తర్వాత నాలుగైదు రోజులు పరుగు వద్దు.

ఒకవేళ మధ్యలోనే గాయమైతే తెలిసిన వారంలోనే దాతలకు రాయండి: ఏమైంది, డాక్టర్ ఏమన్నారు, డబ్బు సంస్థకి ఎలాగూ చేరుతుంది, ఇక మీరు ఏం చేయబోతున్నారు అన్నవి. చోటు మార్పిడి గడువు పోటీకి కొన్ని వారాల ముందే ముగుస్తుంది కాబట్టి నాన్చకండి. ఎవరైనా తమ డబ్బు వెనక్కి కావాలంటే సంస్థతో మాట్లాడి ఆ వీలుందేమో చూడండి, వాదించకండి.

పరుగు పూర్తయినా కాకపోయినా ఆఖరి పని ఒకటే. విరాళం వచ్చిన రెండు రోజుల్లోపు ప్రతి ఒక్కరికీ పేరుతో కృతజ్ఞత చెప్పి ఉండాలి. పేజీని పోటీ తర్వాత మూడు నాలుగు వారాలు తెరిచే ఉంచండి, కంపెనీ ఇచ్చే సమాన విరాళం రావడానికి అంత పడుతుంది. మూసిన రోజు అందరికీ ఒకే లెక్క పంపండి: వచ్చింది ఎంత, రుసుము పోగా సంస్థకి చేరింది ఎంత, ఏ తేదీన, దానితోపాటు సంస్థ ఇచ్చిన రసీదు ఫొటో.